పొద్దున్నే రాసిపెట్టిన టైము

ఆ సందులోకి బజారు వైపు నుంచి బండి పోకూడదు. పోతే నేరం. సందు మొగలో ఇనప స్తంభానికి బిగించిన ఎర్రరేకు ఆ మాట చెబుతూనే ఉంటుంది, వినేవాడే లేడు. పక్కనున్న టైలరు కుట్టిన కోట్లు దానికే తగిలిస్తాడు. సందుకి ఇవతల బజారు, అవతల పెద్దాసుపత్రి. అటునుంచి ఇటు రావచ్చు. ఇటునుంచి అటు పోవాలంటే మాత్రం రైలు గేటు దాటి, కూరగాయల మార్కెట్టు చుట్టి వెళ్ళాలి. సందులోంచి నాలుగు నిమిషాలు. చుట్టూ తిరిగితే గేటు తెరిచి ఉంటే అరగంట, పడితే మీ అదృష్టం. ఇక ఎవడు చుట్టూ తిరుగుతాడు చెప్పండి? డాక్టర్లూ రాంగ్ రూటే, నర్సులూ రాంగ్ రూటే, మందుల బండీ రాంగ్ రూటే. ఆ రేకు బిగించడానికి వచ్చిన మనుషులే పని కాగానే నిచ్చెన బండిమీద వేసుకుని ఆ సందులోంచి ఉడాయించారని టైలరు ఒట్టేసి చెబుతాడు.

ఆ మొగలో పందొమ్మిదేళ్ళుగా నిలబడుతున్న ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అందరూ ఈలాయన అంటారు. ఈలలో గింజ ఏనాడో పడిపోయింది. ఊదితే గాలి తప్ప కూత రాదు. పేరు మాత్రం ఉండిపోయింది. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఎవరి దగ్గరా చెయ్యి చాచింది లేదు, ఎవర్నీ ఒరేయ్ అన్నది లేదు. ఎదురొచ్చే బళ్ళని చూసీచూడనట్టు ఊరుకునేవాడు. ఊరుకోక ఏం చేస్తాడు? రోజుకి వెయ్యి బళ్ళు పోతాయి. అన్నిటినీ ఆపితే సందు నిండి, బజారు నిండి, ఆయన నిలబడటానికి చోటు మిగలదు. చట్టం దాని మానాన అది స్తంభం మీద ఉండాలి, జనం వాళ్ళ మానాన వాళ్ళు కింద పోవాలి, అదీ ఆయన సిద్ధాంతం.

అయితే నెలకోసారి, ఆఖరి రోజుల్లో, స్టేషన్ నుంచి కబురొచ్చేది. తలా పది కేసులు చూపించాలి. పదే ఎందుకు, పదకొండు ఎందుకు కాదు అని అడక్కూడదు.

చలానా రాయడానికి ఒక పద్ధతుంది. బండి ఆపాలి, ఆ మనిషి ఎదురుగా గడియారం చూడాలి, ఆ టైమే వెయ్యాలి, సంతకం పెట్టించి చింపి ఇవ్వాలి. చలానా పుస్తకం అట్టమీదే ఆ నియమం అచ్చేసి ఉంటుంది. దాన్ని పాటించినవాణ్ణి ఈలాయన తన ఉద్యోగంలో చూళ్ళేదు. నెత్తిన ఎండ, చెవుల్లో హారన్లు, ఎదురుగా తిట్లు. అన్ని గళ్ళు అక్కడ నిలబడి ఎవడు నింపుతాడు? అందుకని పొద్దున్నే టీ బల్ల దగ్గర కూర్చుని తేదీ, స్థలం, నేరం, టైము పదింటికీ రాసేసుకునేవాళ్ళు. పేరు గడీ, బండి నంబరు గడీ ఖాళీగా ఉంచేవాళ్ళు. ఈ విద్య అందరికీ నేర్పింది స్టేషన్లో రికార్డులు రాసే రైటరు. "మరీ పది, పదిన్నర అని గుండ్రంగా వెయ్యకండర్రా, చూడగానే దొరికిపోతాం. పదీ అయిదు, పదీ పద్దెనిమిది, అలా వెయ్యండి. నిజం ఎప్పుడూ కాస్త వంకరగా ఉంటుంది" అనేవాడు.

ఆ రోజు కూడా ఈలాయన పది కాగితాలూ రాసుకుని పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. తీరా బయల్దేరబోతుంటే ఎవరో పెద్ద అధికారి కారు వస్తోందన్నారు. బజారు కూడలిలో నిలబెట్టేశారు. ఆ కారు వచ్చి పోయేసరికి పదకొండు దాటింది. సందు మొగకి చేరేసరికి పదకొండుంబావు. మధ్యాహ్నానికల్లా పదీ అప్పజెప్పాలి. పదకొండూ ఇరవైకి మొదటి బండి దొరికింది. టైము అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, సరిగ్గా ఇరవైకి రైలు గేటు పడుతుంది, దాని గంట సందు దాకా వినిపిస్తుంది.

పాత నీలం స్కూటరు. నడుపుతున్నవాడికి ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ముఖం నిండా చెమట. వెనక భార్య, రెండు చేతులూ భర్త నడుం చుట్టూ వేసి పట్టుకుని ఉంది.

"సార్, ఛాతీలో నొప్పంటున్నారు. ఆసుపత్రికి సార్" అంది.

పట్టుబడ్డ ప్రతివాడికీ ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఉంటారు. పందొమ్మిదేళ్ళలో ఈలాయన ఆ మొగలో విన్న పురుళ్ళన్నిటికీ నిజంగా పిల్లలు పుట్టి ఉంటే, వాళ్ళుండటానికి ఇంకో ఊరు కట్టాల్సొచ్చేది.

"నొప్పున్నవాడు బండి నడుపుతాడామ్మా?" అన్నాడు. అంటున్నప్పుడు అది తెలివైన మాటలాగే అనిపించింది.

"నాకు నడపడం రాదు సార్."

పేరడిగి రాశాడు. నంబరు రాశాడు. చింపి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇటు కాదు, చుట్టూ తిరిగి వెళ్ళండి. రూలు రూలే" అన్నాడు. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే భర్త మెల్లగా, "సరే సార్" అని బండి వెనక్కి తిప్పాడు. గేటు గంట అప్పుడే మొదలైంది.

మర్నాడు గేటు గంట మోగగానే, దాని వెంటే ఒక స్కూటరు చప్పుడు వినిపించింది. సైలెన్సరు కాస్త బొంగురు. చప్పుడు దగ్గరికి వచ్చింది. ఎవరో చూద్దామని ఈలాయన తల తిప్పాడు, అలవాటుగా చెయ్యి పైకి లేచింది. చప్పుడు సరిగ్గా ఆయన ముందుకొచ్చి ఆగిపోయింది. ఎదురుగా ఖాళీ రోడ్డు. పెట్రోలు వాసన మాత్రం ముక్కుకి గుప్పున కొట్టింది. ఆ తర్వాత, చెవి పక్కనే, మెల్లగా, సరే సార్.

ఎండదెబ్బ అనుకుని వెళ్ళి గడియారాలాయన కొట్లో కూర్చున్నాడు. సందు మొదట్లో గడియారాలు బాగుచేసే కొట్టు అది. ఇద్దరికీ చుట్టరికం లేదుగానీ పదిహేనేళ్ళుగా బావా అంటే బావా అనుకుంటారు.

"మంచినీళ్ళివ్వు బావా" అన్నాడు ఈలాయన.

గడియారాలాయన నీళ్ళిచ్చి, కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. "నీకు తెలిసిందా? నిన్న నువ్వు తిప్పి పంపావే, నీలం స్కూటరు. గేటు దగ్గరే కుప్పకూలిపోయాట్ట. గేటు పడి ఉంది, జనం, కార్లు. మోసుకుని అటు చేర్చేసరికి పన్నెండూ పది. అప్పటికే అయిపోయిందట."

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆ నీళ్ళు ఈలాయన తాగలేదు.

ఇక అప్పట్నుంచీ రోజూ అదే. వందల బళ్ళు ఆయన్ని రాసుకుంటూ ఎదురు పోతూనే ఉన్నాయి, ఒక్కదాన్నీ ఆపలేదు. రాని బండిని మాత్రం రోజూ పదకొండూ ఇరవైకి ఆపుతున్నాడు. జనం మొదట నవ్వారు. "ఈలాయనా, గాలికి కూడా చలానా రాస్తున్నావా?" అని టైలరు అరిచాడు. గడియారాలాయన మాత్రం నవ్వలేదు. ఆ కొట్లో నలభై గడియారాలు నలభై టైములు చూపిస్తాయి గనక ఆయన ఏనాడూ టైము చూసుకోడు. కానీ ఈలాయన చెయ్యి లేచిందంటే పదకొండూ ఇరవై అయిందని ఆయనకి తెలిసిపోయేది.

ఒకరోజు ఈలాయన మొండిగా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రానీ, చెయ్యెత్తను, ఎలా ఆగుతుందో చూస్తాను అనుకున్నాడు. గంట మోగింది, బొంగురు చప్పుడు వచ్చింది. ఆగింది. చెయ్యెత్తకపోయినా ఆగింది. ఈలాయనకి ఏడుపొక్కటే తక్కువ. నడిబజార్లో, పదిమందీ చూస్తుండగా, ఖాళీ రోడ్డుకి దణ్ణం పెట్టి, "వెళ్ళు బాబూ, ఇటే వెళ్ళు, నాలుగు నిమిషాలే, వెళ్ళిపో" అని సందులోకి దారి చూపించాడు. చప్పుడు కాసేపు అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, గేటు వైపు, చుట్టుదారినే వెళ్ళింది.

ఇంటికొచ్చినా వదల్లేదు. కంచం ముందు కూర్చుంటే కుడిచెయ్యి దానంతటదే పైకి లేచేది, అరచెయ్యి ముందుకి. ఆయన భార్య స్కూల్లో అటెండరు, నోరున్న మనిషి. "ఏమండోయ్, ఇంట్లో కూడా డ్యూటీయేనా? నేను రాంగ్ రూట్లో ఏం వచ్చాను?" అని మొదట ఆటపట్టించింది. పది రోజులయ్యాక ఆటపట్టించడం మానేసింది. ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఏమీ మాట్లాడకుండా పట్టుకుని కిందికి దించేది. చెయ్యి చల్లగా ఉండేది.

నెల తిరిగొచ్చింది. మళ్ళీ ఆఖరి రోజులు. ఆ శుక్రవారం గేటు గంట మోగింది, చప్పుడు వచ్చింది, ఆగింది, ఈలాయన చెయ్యెత్తాడు. ఈసారి ఎదురుగా మనిషి ఉంది. స్కూటరు లేదు, ఆవిడ ఒక్కతే నడిచి వచ్చింది.

"నన్ను గుర్తుపట్టారా సార్?"

గుర్తుపట్టకేం. తిడుతుందనుకున్నాడు, కొడుతుందేమో అనుకున్నాడు, కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ మాత్రం సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడతలు పడ్డ చలానా.

"దీని మీద టైము చూడండి సార్."

చూశాడు. తన రాతే. పదీ అయిదు.

"మీరు మమ్మల్ని ఆపింది పదకొండూ ఇరవైకి. గేటు గంట నేనూ విన్నాను. ఇందులో పదీ అయిదని ఉంది. ఆయన గేటు దగ్గర పడిపోయింది పదకొండున్నరకి, అది చూసినవాళ్ళున్నారు. మరి పదీ అయిదు నుంచి పదకొండున్నర దాకా వాణ్ణి ఎక్కడ తిప్పావని మా బావగారు అడుగుతున్నారు." చలానాని తిరిగి కవర్లో పెట్టింది. "ముందురోజు మేమిద్దరం గొడవపడ్డాం సార్, అబద్ధమెందుకు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ విన్నాయి. అందుకే కావాలని ఆలస్యం చేశానంటున్నారు. ఇంట్లోంచి బయల్దేరిందే పదకొండింటికని నేను మొత్తుకుంటే, గవర్నమెంటు కాగితం అబద్ధం చెబుతుందా, నువ్వు చెబుతావా అంటున్నారు."

ఈలాయన కవర్లో కనిపిస్తున్న తన రాత వంకే చూస్తున్నాడు.

"పాపని వాళ్ళ దగ్గరే ఉంచేసుకున్నారు. మూడేళ్ళు దానికి. నేను మా పిన్ని ఇంట్లో ఉంటున్నా. ఎల్లుండి ఆదివారం చుట్టాలందరూ కూర్చుని పాప ఎవరి దగ్గరుండాలో తేలుస్తారట. తేల్చడానికేముంది సార్, తేలిపోయింది. ఈ కాగితం చూపిస్తారు." ఆవిడ కవరు గుండెలకి ఆనించుకుంది. "మీరు ఆపినందుకు నేనేమీ అనట్లేదు. మీ డ్యూటీ మీది. టైమొక్కటి సరిగ్గా చెప్పండి, చాలు."

మీ డ్యూటీ మీది అన్న మాట ఆయన్ని కోసేసింది. తిట్టినా తట్టుకునేవాడు. అయినా ఏం చేశాడు? నీళ్ళు నమిలాడు. "చూస్తానమ్మా, స్టేషన్‌లో అడిగి చూస్తాను" అన్నాడు. ఆవిడ అత్తవారి ఇంటి గుర్తులు చెప్పి, ఆ మాటే పెద్ద వరమన్నట్టు దణ్ణం పెట్టి వెళ్ళింది.

సాయంత్రం ఇంట్లో అంతా చెప్పేశాడు. భార్య వింటూ వింటూ స్టవ్ ఆపేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అంటే పొద్దున్నే రాసేస్తారా టైములు?"

"అందరూ రాస్తారే."

"అందరి సంగతి నేనడగలేదు." చీర చెంగుకి చేతులు తుడుచుకుంది. "ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"ఇంకా రెండేళ్ళ సర్వీసుంది మీకు. నోర్మూసుకుని కూర్చోండని చెప్పాలనే ఉందండీ నాకు. దేవుడి మీద ఒట్టు, అదే చెప్పాలని ఉంది." ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "కానీ దీన్ని చూస్తే భయమేస్తోంది. మూడేళ్ళ పిల్ల అన్నారు కదూ? వెళ్ళి చెప్పండి. పోతే పోయింది."

శనివారం పొద్దున్నే కాగితం మీద తన తప్పంతా రాసి, కింద సంతకం పెట్టి, ఈలాయన స్టేషన్‌కి వెళ్ళాడు. రాస్తున్నంతసేపూ ఆ కుడిచెయ్యి పైకి లేవలేదు. రైటరు ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇందులో కొత్త సంగతేముందయ్యా?"

"నంబరు వేసి తీసుకోండి. పైకి పంపండి. సస్పెండ్ చేస్తారో, ఇంకేం చేస్తారో వాళ్ళిష్టం."

"దేనికి చెయ్యాలి?"

"దొంగ టైము రాసినందుకు."

రైటరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కోపం లేదు ఆయనకి. "పిచ్చివాడా, దానికి సస్పెండ్ చెయ్యాలంటే నేర్పించినందుకు ముందు నన్ను చెయ్యాలి. తర్వాత నాకు నేర్పినాయన్ని పెన్షన్లోంచి లాక్కురావాలి. ఆపైన పదేళ్ళుగా ఊళ్ళో రాసిన చలానాలన్నీ చిత్తుకాగితాలైపోతాయి. ఈ కాగితం పైకి వెళ్ళినా మూడో టేబుల్ దగ్గర కిందికొచ్చేస్తుంది. ఇలా రాయకూడదని రూలుంది, శిక్షా ఉంది. వేసేవాడే లేడు."

"మరి ఆ అమ్మాయి?"

"కావాలంటే పదకొండూ ఇరవై అని ఇంకో చలానా రాసి ఇద్దాం. అదెంత పని?"

ఈలాయనకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. వెంటనే గుర్తొచ్చింది. పాతదాన్ని వాళ్ళు ఈపాటికి నకలు తీయించి చుట్టాలందరికీ పంచే ఉంటారు. రెండు కాగితాలు చూపిస్తే ఆవిడే దొంగకాగితం పుట్టించిందంటారు. తల అడ్డంగా ఊపాడు.

"అయితే వదిలెయ్" అన్నాడు రైటరు. ఆ సంతకం పెట్టిన కాగితాన్ని నీటుగా మడిచి ఈలాయన చొక్కా జేబులోనే పెట్టి, బొత్తాం కూడా తనే పెట్టాడు. తర్వాత సొరుగులోంచి చలానా పుస్తకం తీశాడు. "నీ ఒంట్లో బాగున్నట్టు లేదు. సోమవారం పది చూపించాలి, గుర్తుందిగా? పాపం అని నీవి కూడా నేనే రాసిపెట్టేశాను. తీసుకో."

తెరిచి చూశాడు. సోమవారం తేదీ. పదీ అయిదు. పదీ పద్దెనిమిది. పదీ ఇరవై తొమ్మిది. పేరు గళ్ళు ఖాళీ.

పుస్తకం పట్టుకుని బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయాడు. జీవితంలో మొదటిసారి తనని ఎవరైనా పట్టుకుంటే బాగుండునని ఉంది ఆయనకి. చెయ్యి పట్టి లాగి, నువ్వు తప్పుచేశావు పద అంటే బాగుండును. లోపలికీ బయటికీ తిరుగుతున్న పోలీసులందరూ ఆయన్ని పలకరించి, పక్కనుంచి దాటుకుని పోయారు.

ఆదివారం పదింటికల్లా యూనిఫాం వేసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. మేడమీద రెండు గదుల వాటా. గుమ్మం బయట పదిహేను జతల చెప్పులు. లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో చుట్టాలు, మధ్యలో చనిపోయినవాడి అన్నగారు, చేతిలో చలానా నకలు. గోడవారగా చాపమీద వాళ్ళ తల్లి కూర్చుని ఉంది, సన్నటి మనిషి, ఎవరివంకా చూడటం లేదు. కోడలు తలుపు పక్కన నిలబడి ఉంది. ఆవిణ్ణి కూర్చోమన్నవాళ్ళు లేరు. లోపలి గదిలో పిల్ల నిద్రపోతోందని సగం వేసిన తలుపు చూస్తేనే తెలుస్తోంది.

"ఈ చలానా రాసింది నేను" అన్నాడు ఈలాయన. "టైము తప్పు. మీ తమ్ముణ్ణి నేను ఆపింది పదకొండూ ఇరవైకి. ఆవిడ చెప్పిందే నిజం."

అన్నగారు పైనుంచి కిందిదాకా చూశాడు. "నెల్లాళ్ళు నోరు పెగల్లేదేం? ఈ రోజే గుర్తొచ్చిందా? ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు."

"గవర్నమెంటు కాగితంలో గంటంబావు తేడా ఎలా వస్తుందండీ? మమ్మల్ని చూస్తే వెర్రివాళ్ళలా ఉన్నామా?"

కుర్చీల్లో ఒకరిద్దరు తలలూపారు. ఈలాయన జేబు బొత్తాం తీసి చలానా పుస్తకం ఆయన చేతిలో పెట్టాడు.

"ఇవి రేపటివి. తేదీ చూడండి. టైములు చూడండి. రేపు పదీ అయిదుకి రాంగ్ రూట్లో ఎవరొస్తారో నాకు తెలీదు. వాళ్ళకీ తెలీదు, ఈపాటికి ఇంట్లో కూర్చుని టీ తాగుతుంటారు. టైము మాత్రం అప్పుడే పడిపోయింది. మీ తమ్ముడిది కూడా ఇలాగే పొద్దున్నే రాసిపెట్టాను. రోజుకి వెయ్యి బళ్ళు అటు పోతాయి, ఎప్పుడూ ఎవర్నీ ఆపం. నెలాఖరుకి పది ఆపి, ఇవి చింపి ఇచ్చేస్తాం. అందరం ఇదే పని చేస్తాం."

అన్నగారు ఒక్కో కాగితం తిప్పాడు. పుస్తకం పక్కవాళ్ళకి వెళ్ళింది, అక్కణ్ణించి ఇంకొకరికి. రేపటి తేదీ వేసిన ఆ కాగితాలని ముట్టుకోవడానికి ఒక ముసలాయన భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్నగారి చూపు మరదలి మీదికి వెళ్ళి, అక్కడ నిలవలేక కిందికి దిగిపోయింది. ఆవిడ తలుపు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు తల్లి తలెత్తింది.

"మీరు ఆపకుండా ఉంటే, నాయనా, మా వాడు బతికేవాడా?"

ఆ ప్రశ్న వస్తుందని ఈలాయనకి తెలుసు. నెల్లాళ్ళుగా తెలుసు. "నాలుగు నిమిషాల్లో ఆసుపత్రిలో ఉండేవాడమ్మా" అన్నాడు. "బతికేవాడనే అనుకుంటున్నాను."

ఆవిడ చాప అంచు గట్టిగా పట్టుకుంది. "వెయ్యి బళ్ళు పోతాయన్నారు కదా. మా వాణ్ణే ఎందుకు ఆపారు? వాడు మీకేం చేశాడు?"

ఇంతవరకూ ఈ సంగతి ఈలాయన తనని తనే అడగలేదు. ఆ రోజు పదకొండుంబావుకి సందు మొగలో నిలబడ్డ దగ్గర్నుంచీ జరిగింది గుర్తుచేసుకున్నాడు. గుర్తుచేసుకుంటూ గోడ పట్టుకున్నాడు.

"నేను మీవాణ్ణే ఆపలేదమ్మా" అన్నాడు. "ముందు నాలుగు బళ్ళకి చెయ్యెత్తాను. ఒకడు పక్కనుంచి కోసుకుని పోయాడు. ఒకడు నన్ను చూడనట్టే పోయాడు. ఒకడు నవ్వుతూ పోయాడు. ఒకావిడ తర్వాత తర్వాత అని చెయ్యూపి పోయింది. అయిదోవాడు మీ అబ్బాయి. చెయ్యెత్తగానే ఆగాడు. ఆగాడు గనకే రాశానమ్మా. తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళాడు. ఆ ఒంట్లోని బాధతో, నన్ను ఒక్క మాట అనకుండా వెళ్ళాడు."

తల్లి కోప్పడుతుందని అందరూ అనుకున్నారు.

"ఆగుతాడు" అంది. "నేనే నేర్పాను. నడక వచ్చినప్పట్నుంచీ చెప్పేదాన్ని, పెద్దవాళ్ళు ఆగమంటే ఆగాలి నాన్నా అని. వీడు ఇంతెత్తున్నప్పుడు ఆడుతూ ఆడుతూ పరిగెడుతుంటే ఆగరా అంటే చాలు, ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయేవాడు. నాకెంత గొప్పగా ఉండేదో. వచ్చినవాళ్ళందరికీ చూపించుకునేదాన్ని."

గోడ పట్టుకుని లేచింది. పెద్దకొడుకు సాయానికి రాబోతే వద్దన్నట్టు తప్పించుకుని, లోపలి గదిలోకి వెళ్ళి నిద్రపోతున్న పిల్లని ఎత్తుకొచ్చింది. పిల్ల కళ్ళు తెరవకుండానే కదిలింది. తలుపు దగ్గరున్న కోడలి భుజం మీద పడుకోబెట్టి, ఒక చెయ్యి పిల్ల వీపుమీదే ఉంచింది.

"తీసుకెళ్ళమ్మా" అంది. "నిన్ను అన్నవన్నీ నేనే అనిపించాను, మీ బావ తప్పు కాదు. దీన్ని బాగా పెంచు. అన్నీ నేర్పు." ఆ చెయ్యి వీపుమీంచి తియ్యలేకపోయింది. "అదొక్కటీ నేర్పకు."

కోడలు అత్తగారిని పట్టుకుని భోరుమంది. పిల్ల లేచి, ఇంతమందిని చూసి తనూ ఏడుపు మొదలెట్టింది. కుర్చీల్లోవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పులు వెతుక్కున్నారు. అన్నగారు చలానా పుస్తకం తెచ్చి, ముఖం చూడకుండా, ఈలాయన చేతిలో పెట్టేశాడు. ఈలాయన గుమ్మం పక్కన అలాగే నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ వెళ్ళమనలేదు, కూర్చోమనీ అనలేదు.